లేఖలో మొక్క, ముద్రణలో పేరు: కోరమాండల్ వృక్షశాస్త్రజ్ఞుల ఉత్తరప్రత్యుత్తరాలలో తెలుగు నామాల స్థానం

మోదుగచెట్టుకు వృక్షశాస్త్ర గ్రంథాలు చిరకాలం వాడిన పేరు బ్యూటియా ఫ్రాండోసా. ఆ పేరు పక్కన కర్తృత్వసూచికగా ‘కోనిగ్ ఎక్స్ రాక్స్‌బర్గ్’ అని రాయడం పలు గ్రంథాల్లో కనిపిస్తుంది. ‘ఎక్స్’ అనే లాటిన్ పదానికి ‘నుండి’ అని అర్థం. పేరును మొదట ప్రతిపాదించినవాడు కోనిగ్. దానిని వర్ణనతో సహా అచ్చుకెక్కించినవాడు రాక్స్‌బర్గ్. ఇద్దరి నడుమ అచ్చు కానిదేదో ఉన్నదని ఆ చిన్న పదం ఒప్పుకుంటున్నది. అచ్చు కాని ఆ వస్తువు ఒక ఉత్తరం కావచ్చు, ఎండు నమూనాకు కట్టిన చీటీ కావచ్చు, కన్నుమూసిన పండితుని రాతప్రతి కావచ్చు. నామకరణ నియమావళి దృష్టిలో అది ముఖ్యం కాదు. సాహిత్య, భాషా చరిత్రల దృష్టిలో ముఖ్యం, ఎందుకంటే మొక్క గుర్తింపు అనే వాదం జరిగింది అక్కడే. ఆ వాదంలో సాక్ష్యం చెప్పినవారిలో తెలుగు మాట్లాడేవారు ఉన్నారు. వారి సాక్ష్యం లేఖల నుండి గ్రంథంలోకి చేరేసరికి ఏ రూపం పొందిందో, ఏమి పోగొట్టుకొన్నదో పరిశీలించదగిన విషయం.

పద్దెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో తూర్పుతీరపు మొక్కలను గురించి నడిచిన లేఖావ్యవహారానికి మూలపురుషుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1728లో పుట్టి, స్వీడన్‌లో లిన్నేయస్ వద్ద చదివి, ఐస్‌లాండ్‌లో మొక్కలు సేకరించి, 1768లో డేన్‌ల వలస అయిన తరంగంబాడికి వైద్యునిగా వచ్చాడు. తరువాత ఆర్కాటు నవాబు కొలువులో ప్రకృతి పరిశోధకునిగా చేరి, 1778 నుండి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అయ్యాడు. తన జీవితకాలంలో స్వయంగా ప్రచురించింది చాలా తక్కువ. అయినా యూరపు గ్రంథాల్లో అతని మొక్కలు విస్తారంగా కనిపిస్తాయి. లిన్నేయస్ 1771లో వెలువరించిన రెండవ ‘మాంటిస్సా’లో కొన్ని, చిన్న లిన్నేయస్ 1782లో ప్రకటించిన ‘సప్లిమెంటుమ్ ప్లాంటారుమ్’లో కొన్ని, రెట్జియస్ భాగాలు భాగాలుగా తెచ్చిన ‘అబ్జర్వేషనెస్ బొటానికే’లో మరికొన్ని చేరాయి. అంటే కోనిగ్ రచనాసర్వస్వం ఇతరుల పుస్తకాల్లో చెదిరి ఉంది. లేఖలనే రచనగా చేసుకొన్న పండితునికి ఇది సహజ పరిణామం.

తెలుగువారి వంటింట్లో నిత్యం కనిపించే ఒక మొక్క ఈ సంగతిని బాగా చూపుతుంది. కరివేపాకును లిన్నేయస్ 1771లో బెర్గెరా కోనిగై అన్నాడు. మొక్కను పంపిన శిష్యుని పేరు జాతివాచకంలో నిలిచింది. ప్రజాతి పేరు పక్కన కూడా ‘కోనిగ్ ఎక్స్ లిన్నేయస్’ అనే ముద్ర ఉంది. 1825లో స్ప్రెంగెల్ ఆ జాతిని ముర్రయా ప్రజాతిలోకి మార్చాడు. ఆ ప్రజాతి పేరు కూడా లిన్నేయస్ శిష్యుడే అయిన ముర్రే స్మృతిచిహ్నం. ఇటీవలి వర్గీకరణలు కరివేపను మళ్లీ బెర్గెరాలోకే తెస్తున్నాయి. రెండున్నర శతాబ్దాలుగా ఈ రాకపోకలన్నీ గురుశిష్యుల పేర్ల నడుమ సాగాయి. తెలుగు పేరు మాత్రం వేరొక తర్కంతో పుట్టింది: ఆకుల అమరికలో వేపను పోలినది, రంగులో నల్లనిది. వేపకూ కరివేపకూ వృక్షశాస్త్రపరంగా దగ్గరి బంధుత్వం లేదు. ఒకటి మీలియేసీ కుటుంబంలోది, రెండవది నిమ్మ, నారింజల కుటుంబంలోది. అంతమాత్రాన తెలుగు పేరు తప్పని చెప్పడం పొరపాటు. అది బంధుత్వాన్ని ప్రకటించడం లేదు, పోలికను చెబుతున్నది. చెట్టును మళ్లీ పోల్చుకొనేందుకు కావలసింది పోలికే.

ఈ భేదాన్ని గుర్తుంచుకొని ఆనాటి లేఖల పనితీరును చూడాలి. తరంగంబాడిలోనో సామర్లకోటలోనో ఒక వైద్యుడు తెలియని మొక్కను చూస్తాడు. అతని దగ్గర ఉన్న పుస్తకాలు రెండో మూడో. ఈ మొక్క కొత్తదా, లేక లిన్నేయస్ ఇదివరకే మరో దేశపు నమూనా ఆధారంగా పేరు పెట్టినదా అన్నది అతడు నిశ్చయించలేడు. నిశ్చయించగల హెర్బేరియమూ గ్రంథాలయమూ ఉప్సాలాలోనో లండన్‌లోనో ఉన్నాయి. నౌక గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళ్లడానికి సుమారు ఆరు నెలలు. ప్రశ్నకు జవాబు తిరిగి వచ్చేసరికి ఏడాది దాటుతుంది. ఈలోగా మొక్క మరోసారి పూసి కాస్తుంది. కాబట్టి ప్రశ్నను ఒక్కసారే, పొల్లు లేకుండా అడగాలి. నమూనాకు ఒక సంఖ్య వేసి, జోడు నమూనాను అదే సంఖ్యతో తన వద్ద ఉంచుకొని, వర్ణన రాసి, వీలైతే బొమ్మ గీయించి పంపాలి. ఎండు నమూనా రంగును పోగొట్టుకొంటుంది. బొమ్మ రంగును నిలుపుతుంది కాని కేసరాలను లెక్కించడానికి వాటిని విప్పి చూసే అవకాశం ఇవ్వదు. వర్ణన లెక్కలను చెబుతుంది కాని మొత్తం రూపును కంటికి కట్టించలేదు. మూడు సాక్ష్యాలూ అసంపూర్ణాలే. మూడూ ఒకే సంఖ్య కింద కలిసినప్పుడే అవతలి పండితునికి మొక్క ‘కనిపిస్తుంది’.

నాలుగవ సాక్ష్యం స్థానిక నామం. దాని ఉపయోగం లండన్‌లోని పండితునికి దాదాపు శూన్యం. కాని తీరంలో తిరిగే పరిశోధకునికి అది ప్రాణాధారం. గత ఏడాది నమూనా తీసిన చెట్టునే ఈ ఏడాది కాయకోసం వెతకాలంటే అడవికి వెళ్లేవానికి సంఖ్య చెబితే లాభం లేదు, లాటిన్ పేరు చెప్పినా లాభం లేదు. ‘బలుసు’ అనో ‘సండ్ర’ అనో చెప్పాలి. లాటిన్ నామం మొక్కకు వర్గీకరణలో స్థానం చూపితే, తెలుగు నామం నేలమీద దాని చిరునామా చూపింది. లేఖావ్యవహార దశలో ఈ రెండింటికీ సమాన ప్రయోజనం ఉన్నదనీ, ముద్రణ దశలో రెండవది అలంకారప్రాయమైపోయిందనీ చెప్పడానికి విలియం రాక్స్‌బర్గ్ గ్రంథం తగిన ఆధారం.

కోనిగ్ 1785 జూన్ 26న కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో మరణించాడు. తన కాగితాలను లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు చెందేలా రాసి పోయాడు. తెలుగుదేశంలో ఆగిపోయిన లేఖకుని రాతప్రతులు తెలుగుదేశంలో అదే పని చేస్తున్నవారికి అందుబాటులో లేకుండా సముద్రం దాటాయి. అతని తరువాత కంపెనీ ప్రకృతి పరిశోధకుడైన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి పనిచేసి 1789లో ఇంగ్లండు వెళ్లిపోయాడు. ఆ స్థానం రాక్స్‌బర్గ్‌కు దక్కింది. ఎడింబరోలో జాన్ హోప్ శిష్యుడైన రాక్స్‌బర్గ్ 1776లో మద్రాసు చేరి, 1781 ప్రాంతం నుండి సామర్లకోటలో కంపెనీ వైద్యునిగా ఉన్నాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లేదాకా అతని వృక్షశాస్త్ర జీవితమంతా గోదావరీ మండలంలోనే గడిచింది. అతడు పంపిన బొమ్మలు, వర్ణనల నుండి 300 మొక్కలను బ్యాంక్స్ ఎంపిక చేయగా, ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ 1795లో మొదలై 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడింది. మొదటి సంపుటానికి పీఠిక రాసినవాడు రస్సెల్. బ్యాంక్స్ గ్రంథాలయాధికారి డ్రయాండర్ చేతిలో అప్పటికి యూరపులోకెల్లా సమృద్ధమైన వృక్షశాస్త్ర గ్రంథసంచయం ఉంది. లిన్నేయస్ సొంత హెర్బేరియాన్ని కూడా 1784లో జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ కొని లండన్‌కే తెచ్చాడు. ‘ఇది కొత్త జాతి’ అనే తీర్పు చెప్పగల అధికారం ఆ విధంగా ఒక్క నగరంలో పోగుపడింది.

తీర్పు అక్కడ, ప్రమాణం ఇక్కడ అన్న ఈ విభజనను వలసపాలన చరిత్రకారులు తరచు ప్రస్తావిస్తారు. అది నిజమే. కాని లేఖా ప్రక్రియ కోణం నుండి చూస్తే మరొకటి కూడా కనిపిస్తుంది. లండన్ పండితుడు చెట్టును ఎన్నడూ చూడలేదు కనుక తీరంలోని లేఖకుని మాటకు లోబడక తప్పదు. చిగురు ఎప్పుడు వస్తుందో, పువ్వు రాత్రి విచ్చుతుందో పగలో, కలప దేనికి పనికివస్తుందో అన్నవి పూర్తిగా లేఖకుని అధీనంలోని విషయాలు. ఆ లేఖకుడు కూడా వాటిలో చాలా సంగతులు తానుగా చూసినవి కావు. ఇతరులు చెప్పగా విన్నవి. అధికారం లండన్ నుండి సామర్లకోటకు దిగివచ్చినట్లే, ఆధారపడడం అన్నది లండన్ నుండి సామర్లకోటకూ, సామర్లకోట నుండి పేరు తెలియని ఒక తెలుగు మనిషికీ దిగుతుంది. లేఖలు ఈ గొలుసులో మొదటి రెండు కొక్కేలను మాత్రమే పేర్లతో చెబుతాయి.

మూడవ కొక్కెం జాడ ‘అందురు’ అనే క్రియలో దొరుకుతుంది. చిరివేరు మొక్కను గురించిన వర్ణన ఇందుకు చక్కని ఉదాహరణ. లిన్నేయస్ 1753లోనే ఓల్డెన్‌లాండియా ఉంబెల్లాటా అని పేరు పెట్టిన ఈ మొక్క వేరు కోరమాండల్ అద్దకపు బట్టలకు ఎరుపునిచ్చేది. జాతి గుర్తింపులో సందేహమేదీ లేకపోయినా రాక్స్‌బర్గ్ దీనికి మిగతా మొక్కలకంటె ఎక్కువ చోటిచ్చి, సాగు, తవ్వకం, అద్దకం విధానాలను వివరించాడు. సాగుచేసిన వేరు సన్నగా పొడవుగా ఉంటుందనీ, తనంత తాను మొలిచిన మొక్క వేరు పొట్టిదైనా రంగు నాలుగోవంతు అధికంగా, మేలైనదిగా ఇస్తుందని చెబుతారనీ రాశాడు. ఈ ‘చెబుతారు’కు కర్త లేడు. సాగువేరుకూ అడవివేరుకూ గల తేడా లిన్నేయస్ పద్ధతికి అందని తేడా. రెండూ ఒకే జాతి. ఆ తేడాను గుర్తించే కన్ను అద్దకపువానిది, వేరు తవ్వేవానిది. వృక్షశాస్త్రం జాతి దగ్గర ఆగిపోతుంటే వారి జ్ఞానం జాతిని దాటి లోపలికి వెళ్లింది. గ్రంథంలో ఎక్కువ విలువైన వాక్యం కర్త లేని వాక్యం కావడం గమనించదగినది.

ఇదే మొక్కకు గ్రంథం ఇచ్చిన తెలుగు పేరు మరింత ఆసక్తికరం. ఆంగ్ల లిపిలోని ఆ రూపాన్ని తెలుగులో చదివితే ‘చెరివెల్లో’ అని వినిపిస్తుంది. దీని వెనుక ఉన్నది ‘చిరివేళ్లు’ అనే బహువచనం. తెలుగు తెలిసినవారెవరూ నేలమీద ఉన్న మొక్కను చూపి ‘వేళ్లు’ అనరు. వేళ్లు అనేది తవ్వి, కట్టలు కట్టి, అమ్మకానికి తెచ్చిన సరుకు. సరుకు పేరు మొక్క పేరుగా నమోదైంది. అంటే ప్రశ్న అడిగిన చోటు పొలంగట్టు కాకపోవచ్చు. జవాబు చెప్పినవాడు మొక్కను వేళ్ల కోసమే ఎరిగినవాడై ఉండవచ్చు. ఒక వచన ప్రత్యయం ఆనాటి సంభాషణను ఇంతవరకు కాపాడింది. వృక్షశాస్త్ర చరిత్రకారులు ఈ రూపాన్ని లిప్యంతరీకరణ దోషంగా భావించి దాటిపోతారు. తెలుగు వ్యాకరణం తెలిసిన పాఠకునికి ఇది దోషం కాదు, సాక్ష్యం.

లిప్యంతరీకరణ దోషాలు లేకపోలేదు. ట-తలకూ, డ-దలకూ, ల-ళలకూ ఆంగ్ల లిపిలో భేదం లేదు. హ్రస్వదీర్ఘాల స్థితి అంతకంటె అధ్వాన్నం. మొదటి సంపుటంలో మొట్టమొదటి బొమ్మ గైరోకార్పస్. తేలికైన కలప గల ఈ చెట్టు తెలుగులో తణుకు. గ్రంథంలోని రూపాన్ని బట్టి ‘తనకు’ అని కూడా చదవవచ్చు; తెలుగు తెలియనివారికి రెండింటికీ తేడా లేదు. ఇటువంటి చోట సరైన రూపాన్ని నిర్ణయించగలిగేది పలుకుబడి మాత్రమే. రస్సెల్ 1796లో ప్రచురించిన కోరమాండల్ పాముల గ్రంథంలోనూ తెలుగు పేర్లు ఇదే తీరున ఉన్నాయి. అందులోని ‘బంగారు’ శబ్దమే ‘బుంగారుస్’ అనే ప్రజాతి నామమై, కట్లపాము జాతులన్నింటికీ ఇంటిపేరుగా నిలిచింది. పాముల విషయంలో తెలుగు పేరుకు దక్కిన ఈ గౌరవం మొక్కల విషయంలో అరుదు.

అరుదే కాని లేకపోలేదు. చండ్ర లేక సండ్ర అనే ముళ్లచెట్టును రాక్స్‌బర్గ్ మిమోసా సుంద్రా అన్నాడు. జాతివాచకం తెలుగు పదమే. మరికొన్ని చోట్ల తెలుగు వర్గీకరణకూ లాటిన్ వర్గీకరణకూ విశేషమైన పొందిక కనిపిస్తుంది. మోదుగను బ్యూటియా ఫ్రాండోసా అన్నవాడే తీగమోదుగను బ్యూటియా సుపర్బా అన్నాడు. ‘మోదుగ’ ప్రజాతి, ‘తీగ’ విశేషణం అనుకొంటే తెలుగు పేరు అప్పటికే ద్వినామమై ఉంది. మూడేసి ఆకుల కూర్పు, చిలుకముక్కు వంటి ఎర్రని పూలు, కొసన ఒకే గింజ గల కాయ చూసి రెండింటినీ ఒకే చోట చేర్చినవారు తెలుగు పల్లెవాసులు. పుష్పభాగాలను లెక్కించి చేర్చినవాడు రాక్స్‌బర్గ్. దారులు వేరైనా చేరిన చోటు ఒక్కటి. అయితే ఈ పొందికను సూత్రంగా చేసుకొంటే నేలవేము దగ్గరే చిక్కుపడవలసి వస్తుంది. అందులోని వేము చేదును చెబుతుంది, చుట్టరికాన్ని కాదు. తురకవేప మాత్రం నిజంగానే వేపకు చుట్టం. కరివేప, నేలవేము, తురకవేప అనే మూడు పేర్లలో వేప మూడు రకాలుగా పనిచేస్తున్నది: ఒకచోట ఆకారం, ఒకచోట రుచి, ఒకచోట ఇంచుమించు కుటుంబం. జనవ్యవహారంలోని నామాలను ‘దేశీయ వర్గీకరణ శాస్త్రం’గా కీర్తించే ఇటీవలి ధోరణి ఈ వైవిధ్యాన్ని చదును చేస్తుంది. వాటిని శాస్త్రానికి తక్కువైన గందరగోళంగా చూసిన పాత ధోరణి కంటె ఇది మర్యాదైనదే కాని, ఎక్కువ నిశితమైనది కాదు.

పేరు మీద ఆధారపడడం ఎంత ప్రమాదకరమో విలియం జోన్స్ ఉదంతం తెలుపుతుంది. జోన్స్ కలకత్తాలో న్యాయమూర్తి, సంస్కృత పండితుడు. భారతీయ మొక్కలకు సంస్కృత నామాలనే నిలపాలని గట్టిగా వాదించినవాడు. రాక్స్‌బర్గ్ మొక్కతో మొదలుపెట్టి పేరు అడిగితే, జోన్స్ పేరుతో మొదలుపెట్టి మొక్కను వెతికాడు. ప్రాచీన గ్రీకు, రోమను రచయితలు కొనియాడిన ‘నార్దస్’ అనే సుగంధద్రవ్యం ఏదన్నది ఆనాటి వివాదం. గిల్బర్ట్ బ్లేన్ 1790లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అది ఒక గడ్డి అని వాదించాడు. జోన్స్ అదే కాలంలో ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండవ సంపుటంలో అది నిఘంటువుల్లోని జటామాంసి అని ప్రతిపాదించాడు. ఈ ప్రతిపాదన సరైనదని తరువాతి పండితులు అంగీకరించారు. అయితే హిమాలయ ప్రాంతం నుండి తెప్పించుకొన్న మొక్కను చూసి అతడు ‘వలేరియానా జటామాన్సి’ అని వర్ణించినది నిజమైన జటామాంసి కాదు. దానికి దగ్గరి చుట్టమైన మరో మొక్క. ఫలితం విచిత్రం. నియమావళి ప్రకారం జోన్స్ పెట్టిన పేరు అతడు వర్ణించిన మొక్కకే చెందుతుంది; అందువల్ల జటామాంసి కాని మొక్క శాస్త్రంలో ‘జటామాన్సి’ అనే పేరును మోస్తున్నది. అసలు జటామాంసి నార్డోస్టాకిస్ ప్రజాతిలో వేరుగా నిలిచింది. 1794లో జోన్స్ మరణించాక, ఈ విషయంపై అనుబంధ వ్యాసం రాయవలసిన పని రాక్స్‌బర్గ్ మీద పడింది. నిఘంటుపదం నిర్దుష్టం, దానిని పట్టుకొని తెచ్చిన చేయి పొరబడింది. కోశం నుండి కొండకు వెళ్లే దారిలో నమ్మదగిన మధ్యవర్తి లేకపోతే ఎంతటి పాండిత్యమూ రక్షించలేదు. తెలుగు నిఘంటువులలో వృక్షనామాల పర్యాయపదాలను అమరకోశం వెంట వరుసగా పేర్చుకొంటూ పోయే సంప్రదాయానికి ఇది నేరుగా వర్తించే ఉదాహరణ.

మొక్క గుర్తింపులో పండితుల ప్రతిష్ఠతో పాటు డబ్బు కూడా ముడివడి ఉంది. రాజమహేంద్రవరం మండలపు కొండల్లో రాక్స్‌బర్గ్‌కు దొరికిన మిరియాలతీగ అందుకు నిదర్శనం. అది మలబారు మిరియమే అయితే కంపెనీ పడమటితీరం మీద ఆధారపడనక్కరలేదు. సామర్లకోటలో తోట వేయించడానికి ఆ ఆశే కారణం. స్థానిక నామం ‘మిరియాల తీగ’ రెండూ ఒకటేనని చెబుతున్నది. పువ్వులను పరీక్షించిన రాక్స్‌బర్గ్ మాత్రం చివరకు దానిని పైపర్ ట్రయోయికుమ్ అనే వేరు పేరుతో వర్ణించాడు. ఇక్కడ తెలుగు పేరు సరుకు దృష్టితో ఏకత్వాన్ని చూస్తే, వృక్షశాస్త్రం లింగవ్యవస్థను చూసి భేదాన్ని చెప్పింది. తోట సంగతికి వస్తే ఆ సాగు కలకాలం నిలువలేదు. ఇటువంటి ఉత్సాహానికి మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ మరో ఉదాహరణ. తనకు దొరికిన పురుగులు విలువైన ఎర్రరంగునిచ్చే కొచినీల్ పురుగులేనని నమ్మి, బ్యాంక్స్‌కు రాసిన లేఖలను 1788లో పుస్తకంగానే అచ్చు వేయించాడు. అవి ఆ పురుగులు కావు. ప్రత్యుత్తరం రాకముందే లేఖను ప్రకటించడం వల్ల కలిగే నష్టం అది. లేఖాప్రక్రియకు ఉన్న రక్షణ, అంటే రెండవవాని సందేహం, అక్కడ లోపించింది.

కోరమాండల్ గ్రంథాన్ని దానికి శతాబ్దం ముందు వెలువడిన ‘హోర్టుస్ మలబారికుస్’తో పోల్చి చూస్తే అసలు లోటు స్పష్టమవుతుంది. డచ్చి అధికారి వాన్ రీడ్ 1678 నుండి 1693 వరకు పన్నెండు సంపుటాలుగా తెచ్చిన ఆ గ్రంథంలో ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుని ధ్రువపత్రం, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే ముగ్గురు కొంకణి వైద్యుల ధ్రువపత్రం చేరి ఉన్నాయి. ఏ మొక్కను ఎవరు గుర్తించారో, ఎవరి మాట మీద వర్ణన నిలిచిందో పాఠకునికి తెలుస్తుంది. శాస్త్రపద్ధతిలో ఎంతో ముందుకు వచ్చిన రాక్స్‌బర్గ్ గ్రంథంలో అటువంటి ధ్రువపత్రం ఒక్కటీ లేదు. బొమ్మలు గీసిన భారతీయ చిత్రకారుల పేర్లూ లేవు. దీనికి రాక్స్‌బర్గ్ వ్యక్తిగత స్వభావాన్ని నిందించి లాభం లేదు. వాన్ రీడ్‌కు తన గ్రంథం నమ్మదగినదని యూరపుకు రుజువు చేయడానికి స్థానిక వైద్యుల సంతకం అవసరమైంది. రాక్స్‌బర్గ్ కాలానికి నమ్మకాన్ని కలిగించే సంతకం మారింది. బ్యాంక్స్ ఆమోదం, లిన్నేయస్ పద్ధతిలో వర్ణన, సంఖ్య వేసిన నమూనా ఉంటే చాలు. సాక్షి స్థానాన్ని ప్రమాణపత్రాల నుండి నమూనాలు తీసుకొన్నాయి. తెలుగు మాట మిగిలింది, దాన్ని పలికిన మనిషి తప్పుకొన్నాడు. ఆ మాట ‘తెలింగులది’ అనే సామూహిక విశేషణం కింద చేరింది. ఒక జాతి అంతా ఏకకంఠంతో పలికినట్లు కనిపించే ఆ పేరు నిజానికి ఒక ఊరిలో ఒక రోజున ఒక్కరు చెప్పినదై ఉండవచ్చు. మండలానికొక పేరు గల తెలుగు వృక్షనామ వ్యవహారంలో ఇది చిన్న విషయం కాదు.

ఆ పేర్లు తిరిగి తెలుగులోకి వచ్చిన తీరు కథలో చివరి మలుపు. సి. పి. బ్రౌన్ 1852లో ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో వృక్షనామాలకు అర్థంగా తరచు కనిపించేది రాక్స్‌బర్గ్ తదితరుల లాటిన్ నామం. తెలుగు పేరు ఆధారంగా గుర్తించిన మొక్కకు లాటిన్ పేరు వచ్చింది. ఆ లాటిన్ పేరే తెలుగు మాటకు అర్థంగా నిలిచింది. వలయం పూర్తయింది కనుక అందులోని పొరపాటు బయటపడే దారి మూసుకుపోయింది. తరువాతి నిఘంటుకారులు బ్రౌన్‌ను అనుసరించారు. సామెతలో బతుకు నిలిపే ఆకుగా ఉన్న బలుసు, నిఘంటువు చూసినవానికి కాంథియుమ్ పార్విఫ్లోరుమ్ మాత్రమే. ఆ వలయాన్ని తెరిచే ప్రయత్నం 1859లో వాల్టర్ ఎలియట్ ‘ఫ్లోరా ఆంధ్రికా’లో చేశాడు. ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లను అకారాదిగా పేర్చి, శాస్త్రనామాలతో సరిచూసిన ఆ చిన్న పుస్తకం తెలుగు మాటను ప్రవేశపదంగా గౌరవించిన తొలి వృక్షశాస్త్ర రచనల్లో ఒకటి. రాక్స్‌బర్గ్‌లో వర్ణన చివర అంటుకొన్న తెలుగు పేరు ఎలియట్‌లో వాక్యానికి మొదట నిలబడింది. తెలుగు భాషాశాస్త్రం ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, ప్రతి రూపాన్నీ నేటి మండలవ్యవహారంతో సరిచూడవలసి ఉంది. మాండలిక వృత్తిపదకోశాలలో వృక్షనామాలకు దొరికిన చోటు ఆ పనికి చాలదు.

సోమిద చెట్టు సంగతి ఈ చర్చకు సంబంధించి ఇంకా మిగిలి ఉంది. దాని బెరడు జ్వరాలకు సింకోనా బదులుగా పనికివస్తుందా అని పరీక్షించిన రాక్స్‌బర్గ్ ఆ చెట్టును మహాగని ప్రజాతిలో చేర్చి స్వీటేనియా ఫెబ్రిఫ్యూగా అన్నాడు. జ్వరాన్ని పారదోలేదని ఆ జాతివాచకానికి అర్థం. తెలుగు పేరును యథాప్రకారం వర్ణనతో జతచేశాడు. 1830లో పారిస్‌లో ఆడ్రియాన్ ద జుస్యూ ఆ చెట్టు మహాగని ప్రజాతికి చెందదని నిర్ణయించి, కొత్త ప్రజాతిని ఏర్పరచవలసి వచ్చినప్పుడు, ఏ పండితుని పేరూ పెట్టకుండా రాక్స్‌బర్గ్ పుటలో ఉన్న తెలుగు మాటనే తీసుకొని సోయ్‌మిడా అన్నాడు. నేడు ఆ చెట్టు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ప్రజాతి స్థానంలో తెలుగు పదం, దానికి విశేషణంగా రాక్స్‌బర్గ్ లాటిన్ పదం. కర్తృత్వసూచికలో కుండలీకరణాల లోపల రాక్స్‌బర్గ్, బయట జుస్యూ.